రిబ్బను కట్టిన పంపు

మంటలార్పే కొలువుకు ఇంటర్వ్యూ ఉంది, ఏం చదువుకొని పోవాలె అని మా గల్లీ పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఆ కొలువు చేసి దిగినవాణ్ణి కాబట్టి అడుగుతారు, వాళ్ల తప్పు లేదు. కానీ ఇంటర్వ్యూ అనే మాట చెవిన పడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పాతికేళ్లు దాటింది. ఉద్యోగంలో ఎన్నో మంటలు ఆర్పాను గానీ ఈ ఒక్కటి మాత్రం నాతోని కాలేదు.

నేను ఉన్నదానికి నాలుగు కలిపి చెప్తానని సూర్యాపేటలో పేరుంది. అబద్ధమనను. కానీ ఈ సంగతిలో కలపడానికి ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్తేనే ఎవరూ నమ్మరు, ఇంక కలిపితే ఏం నమ్ముతారు? తాటిచెట్టు ఎత్తు దగ్గర మాత్రం ఒక గజం అటూ ఇటూ అయితే మన్నించండి.

అప్పుడు నైజాం సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చిన మరుసటి యేడు. నాకు ఇరవై మూడేళ్లు. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో బట్టీ దగ్గర ఊక వేసే పని. ఒకనాడు మిట్టమధ్యాహ్నం నిప్పురవ్వ ఎగిరి ఖాళీ గోనెసంచుల మీద పడింది. సంచుల పక్కన తవుడు, తవుడు పక్కన గోడ, గోడ మీద కర్రల కప్పు. నేను ఎవరినీ అడగలేదు. వడ్లు నానబెట్టే తొట్టిలో బకెట్టు ముంచి కొట్టాను. ముంచుతూ కొడుతూ ఉంటే, మంట ఆరేసరికి తొట్టి అడుగున గింజలు కనబడ్డాయి. మిల్లు బతికింది. పక్కన పేర్చిన బియ్యం బస్తాలు కొన్ని తడిసినయి.

సేటు వచ్చాడు. కాలిన గోడ వైపు చూడలేదు. నేరుగా బస్తాల్లో చెయ్యి పెట్టాడు.

"ఎవడురా నీళ్లు గొట్టింది?"

"నేనే సేటూ. జరంత ఆలస్యమైతే మిల్లంత అంటుకుంటుండె."

"అంటుకుంటుండెనో లేదో దేవునికెరుక. తడిసింది మాత్రం నాకెరుక. రేపటిసంది నువ్వు రాకు."

అంతే. వారం తిరక్కుండా మిర్యాలగూడ మిల్లులన్నిటిలో నాకు 'బియ్యం తడిపినోడు' అని పేరు పడింది. ఏ గేటు దగ్గరికి పోయినా నవ్వి పంపేవాళ్లు. త్రిపురారంలో ఒక ఆసామి దగ్గరికి కళ్లం పనికి పోతే, ఎండబోసిన వడ్ల మీద ఏం పోస్తడో, వద్దని పంపించాడు. ఇంట్లో నేను, మా అమ్మ. పొయ్యి మీద గిన్నె పెట్టి అమ్మ నా మొహం చూసేది, నేను గిన్నె వైపు చూసేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో మా అక్క మొగుడు త్రిపురారం నుంచి వచ్చాడు. తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకు మోకు, కత్తుల సంచి లేకుండా ఆయన్ని నేను పెండ్లినాడు తప్ప చూడలేదు.

"బామ్మర్దీ, నీ కోసమే పుట్టించిండ్రు ఒక కొలువు. నీళ్లు గొడితే జీతమిస్తరట!"

సంగతేమిటంటే, పోయిన ఎండాకాలం సూర్యాపేటలో ఒక గుడిసెల వాడ వాడంతా కాలిపోయింది. ఆర్పడానికి ఊళ్లో చేదబావులు తప్ప ఏమీ లేవు. గోలగోల అయింది. దానితో ఊరి కమిటీ చందాలు వేసుకొని పట్నం నుంచి ఒక చేతిపంపు బండి తెప్పిస్తున్నది. రెండు పక్కల నలుగురేసి నిలబడి పిడులు కొడితే నీళ్లు చిమ్మే బండి. దాన్ని నడపడానికి జీతం మీద ఆరుగురు మనుషులు కావాలి, పిడులకు తక్కువైనవాళ్లు ఊళ్లోంచే. తహసీలు కచేరీ గోడకు కాగితం అంటించారు: చెట్టు, గోడ ఎక్కరావాలె, బరువు మొయ్యాలె, అక్షరం తెలిసి ఉండాలె, పెద్దలు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలె.

నీళ్లు కొట్టినందుకు కొలువు పోయిన మనిషికి, నీళ్లు కొట్టే కొలువు. ఇది దక్కకపోతే నాకు ఇంకేదీ దక్కదని తెలిసిపోయింది.

మొదటి చిక్కు ఎక్కడం. తాళ్లెక్కేవాళ్ల ఇంట్లో పుట్టి తాడెక్కరానివాణ్ణి మా నాలుగూళ్లలో నేనొక్కణ్ణే. నిచ్చెన రెండో మెట్టు మీది నుంచే కిందికి దూకేస్తాను. అందుకే బట్టీ పనికి పోయింది. ఆ మాట మా బావకు తెలుసు, పెండ్లినాటి నుంచి నవ్వుతూనే ఉన్నాడు. అయినా చెట్టు దగ్గరికి తీసుకుపోయి మోకు కట్టాడు.

"కిందికి సూడకు. పైకి సూడకు. చెట్టును సూడు."

"చెట్టు ఎటుసూసినా పైకే ఉన్నది బావా!"

"అయితే కండ్లు మూసుకో. తాడుకు కండ్లతోటి పని లేదు."

కళ్లు మూసుకొని ఎక్కాను. తెరిచేసరికి మట్టల నడుమ ఉన్నాను. అక్కణ్నుంచి వాడపల్లి దగ్గర మూసీ పోయి కృష్ణలో కలవడం, కలిసేచోట చేపలు ఎటు పోవాలో తోచక నిలబడటం నాకు స్పష్టంగా కనబడ్డాయి. దిగడానికి మాత్రం పొద్దు వాలింది. మా అక్క చెట్టు కిందికే సద్దన్నం పట్టుకొచ్చి, "తింటవా, పైకి పంపాల్నా?" అని అడిగింది. తిట్టుకుంటూనే రోజూ ఎక్కాను. నెల తిరిగేసరికి భయం పోలేదు గానీ, భయపడుతూనే ఎక్కడం వచ్చింది.

రెండోది మంట విద్య. అది నేర్పేవాడు కోదాడలో ఉన్నాడని తెలిసింది. పట్నంలో మంటలార్పే దళంలో చాలా ఏండ్లు చేసిన ముసలాయన, సాయబు. రాజ్యం మారినప్పుడు పాత సర్కారు మనుషులతో పాటు ఆయన్నీ ఇంటికి పంపారు. కూతురింట్లో సైకిళ్లకు పంచర్లు వేస్తున్నాడు. మంట గురించి మూడు తాలూకాల్లో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పంపు కొన్నవాళ్లు ఆయన్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. 

నేను పోయి కాళ్లు మొక్కబోతే చక్రం తీగలు సరిచేస్తూనే అన్నాడు.

"కాళ్లు ఛోడో బేటా. బకెట్ పకడో. నిండ ముంచి, ఆ గేటుదాకా ఉరికి రా. ఒక్క చుక్క పడొద్దు."

అక్కడ నాకంటే ముందే ఒకడు బకెట్టుతో ఉరుకుతున్నాడు. కోదాడ మిషను బడి పంతులు గారి అబ్బాయి. సన్నగా ఉంటాడు, బకెట్టే వాణ్ణి మోస్తున్నట్టుండేది. వాడూ ఇదే ఇంటర్వ్యూకు. వాళ్లింట్లో ఐదుగురు పిల్లలు, వీడే పెద్ద.

"నువ్వు మిర్యాలగూడ నుంచి వచ్చావా? బియ్యం తడిపింది నువ్వేనటగా?" అన్నాడు మొదటి మాటే.

"ఆ పేరు గీడికి గూడ వచ్చిందా!"

"లారీ వాళ్లు చెప్పారులే. అయినా మంచి పనేగా చేసింది."

ఆ మాట అన్నవాడు లోకంలో వాడొక్కడే. అప్పుడే స్నేహం కుదిరింది.

మేం ఉస్తాదు అని పిలిచే ఆ సాయబు దగ్గర పైపు లేదు. కూతురి పాతచీరలు నాలుగు పొడుగ్గా కుట్టి, తడిపి, చుట్టడం విప్పడం నేర్పాడు. ఆ తల్లి వాకిట్లో నిలబడి తిట్టేది. "అబ్బాజాన్, మంట ఆర్పేది తర్వాత, ముందు నా ఒంటి మీది చీరన్న ఉంచు!" ఆయన నవ్వేవాడు కాదు. పాఠం చెప్పేటప్పుడు ఆయన మొహం కచేరీ మొహమైపోయేది.

"సునో. పహలే మనిషి. లోపట ఎవరున్నరు, సూడు. తర్వాత హవా, గాలి ఎటున్నది, సూడు. పానీ ఆఖరికి. తాటికమ్మల కప్పుకు మంటలేస్తే కింద నిలబడి నీళ్లు కొడితే పాగల్ అంటరు. గిరావో! కప్పు కూల్చు. కిందపడ్డ మంటను కాళ్లతోటి తొక్కొచ్చు. పైనున్న మంట పక్కింటికి పోతది."

ఇది నేను రోజూ వందసార్లు అప్పజెప్పేవాణ్ణి. గుర్తుంచుకోండి, వందసార్లు. ముందు ముందు నేను చేసిన ఘనకార్యం చదివినప్పుడు ఈ లెక్క పనికొస్తుంది.

పంతులు కొడుకు దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ప్రశ్నలకు జవాబులన్నీ అందులో రాసుకున్నాడు. పంపు భాగాల పేర్లు, జెండా మీది చక్రంలో ఆకుల లెక్క, తాలూకాల పేర్లు. వాడు నాకు జవాబులు నేర్పితే, బస్తా వీపు మీదికి ఎట్లా ఎక్కించుకోవాలో నేను వాడికి నేర్పాను. రెండు నెలలకు వాడు బస్తా మోశాడు, నేను తడబడకుండా నోటుబుక్కు సగం చెప్పాను. ఇంతకంటే తయారైనవాళ్లు హైదరాబాదులో కూడా లేరనుకున్నాం.

ఇగ ఇంటర్వ్యూ నాటి సంగతి.

సూర్యాపేటలో కచేరీ ముందు పెద్ద వాకిలి. వాకిట్లో ఎండకు తాటికమ్మల పందిరి. పందిరి కింద ఎర్రటి కొత్త పంపు బండి, ఇత్తడి మూతులు అద్దాల్లా మెరుస్తున్నాయి. దానికి పచ్చ రిబ్బను కట్టారు. సాయంత్రం నల్లగొండ నుంచి పెద్ద దొర వచ్చి రిబ్బను కోస్తాడు, వెండిచెంబుతో తొలి నీళ్లు తొట్టిలో పోస్తాడు, అప్పుడు పంపు ఊరిదవుతుంది. అంతకు ముందు పొద్దున ఇంటర్వ్యూ. మేం నలభై మందిమి వచ్చాం. మా బావ గేటు బయట మోకుతో నిలబడ్డాడు, పొద్దటి చెట్లు దిగి అట్లనే వచ్చానన్నాడు. ఉస్తాదు కూడా లారీ ఎక్కి వచ్చాడు. లోపలికి రానియ్యలేదు. ఆయన పక్కన మా బావ.

కచేరీ వరండాలో బల్ల. బల్ల వెనక మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరు, రాసుకునే గుమాస్తా, మూడో కుర్చీలో మా మిర్యాలగూడ సేటు.  పంపు చందాలో పెద్ద భాగం ఆయనదేనట, అందుకని కుర్చీ వేశారు. మంట గురించి జీవితాంతం తెలిసినాయన గేటు బయట, తడిసిన బస్తాల గురించి తెలిసినాయన బల్ల వెనక. ఆలోచించండి.

నా వంతు వచ్చింది. ఆఫీసరు కాగితం చూసి అడిగాడు.

"మంట కనబడగానే మొట్టమొదట నువ్వేం చేస్తావోయ్?"

ఇంతకంటే తేలిక ప్రశ్న ఉందా! ఛాతీ విరుచుకొని చెప్పాను. "లోపట మనుషులున్నరా సూస్తనండి. తర్వాత గాలి ఎటున్నదో సూస్తనండి."

"తప్పు. మొదట పై అధికారికి తెలియజేసి, ఆజ్ఞ వచ్చేదాకా వరుసలో నిలబడాలి."

"అధికారి దూరమున్నడనుకోండి అయ్యగారూ?"

"కాగితం పంపాలి."

"కాగితం పోయి వచ్చేదాక మంట ఆగుతదాండి?"

"నువ్వు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నావా?"

సేటు గొంతు సవరించుకున్నాడు. నన్ను గుర్తుపట్టనట్టే మొహం పెట్టాడు. "నేనొక్కటి అడుగుత. బియ్యం మిల్లుల మంట లేసింది. బియ్యం మీద చుక్క పడకుండ ఎట్ల ఆర్పుతవ్?"

పంతులు కొడుకు నోటుబుక్కులో ఈ ప్రశ్న లేదు. నా నాలుక మాత్రం నన్ను అడగకుండానే లేచింది.

"నీళ్లు వద్దంటే ఇగ మంటనే బతిమాలుకోవాలె సేటూ. మీరు పెద్దమనుషులు, మీ మాట వింటదేమో."

గుమాస్తా కలం కిందపడేసుకొని నవ్వు దాచుకున్నాడు. ఆఫీసరు నవ్వలేదు. "జవాబు సరిగా లేదు అని రాయండి. వెళ్లవచ్చు."

అయిపోయింది. మూడు నెలల తాళ్లు, బకెట్లు, చీరలు, నాలుగు మాటల్లో ఖతం. వాకిట్లోకి వచ్చి మిగిలినవాళ్లతో ఎండలో నిలబడ్డాను. ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పాలో తెలియదు, అందుకే కదల్లేదు. పంతులు కొడుకు లోపలికి పోయి, నోటుబుక్కు ప్రకారం అన్నీ చెప్పి, నవ్వుతూ వచ్చాడు. నన్ను చూసి నవ్వు ఆపేశాడు.

సరిగ్గా అప్పుడే గుడి పూజారి అయ్యగారు పంపుకు పూజ మొదలుపెట్టారు. కొత్త బండి ఏది వచ్చినా మా దగ్గర పూజ చెయ్యకుండా ముట్టం. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ అయ్యాయి. ముద్ద కర్పూరంతో హారతి ఇచ్చి, పళ్లెం తీసుకుపోయి పంపు పీట మీదనే పెట్టారు. పైన రంగుకాగితాల తోరణం. గాలి వచ్చింది. తోరణం ఒకసారి వంగి హారతి కళ్లకద్దుకుంది.

మంటలార్పే పంపుకు హారతిచ్చి, ఆ హారతితోనే పందిరి అంటించినవాళ్లు దేశంలో మేమే అయి ఉంటాం.

ఎండాకాలం, మధ్యాహ్నం, ఎండిన తాటికమ్మలు. తోరణం నుంచి కప్పులోకి ఎక్కడానికి మంటకు ఎంతసేపు? ఆ వెనకాల ప్రహరీ అవతలే గుడిసెల వాడ. పోయినేడు కాలినదే, మళ్లీ కమ్మలు కప్పుకున్నారు. గాలి అటే ఉంది. ఒక ముసలమ్మ గోడ అవతలి నుంచి "అయ్యో, మళ్లొచ్చెనే!" అని అరిచింది.

వరండాలోంచి ఆఫీసరు కేకేశాడు. "పంపు ఎవరూ ముట్టుకోవద్దు! దొరగారింకా రిబ్బను కత్తిరించలేదు! అభ్యర్థులంతా వరుసలో నిలబడండి! ఆజ్ఞ లేకుండా కదలొద్దు!"

నేను అప్పటికే తప్పినవాణ్ణి, నాకు వరుసేంటి? ఉరికాను. నాతో ఇంకొందరు ఉరికారు. రిబ్బను ముడి రాలేదు, పంటితో కొరికాను. ఎనిమిది మంది పిడులు పట్టారు. నేను పైపు మూతి మంట వైపు పెట్టి, ఉస్తాదు గేటు దగ్గర్నుంచి చూస్తున్నాడు కదా అని కొంచెం వాటంగా కూడా నిలబడి, "కొట్టుండ్రి!" అన్నాను.

కొట్టారు. పైపులోంచి బుస్సుమని గాలి వచ్చింది.

తొట్టిలో చుక్క నీళ్లు లేవు. తొలినీళ్లు దొరగారు పోయాలి కదా, ఎవరూ నింపలేదు. నేనూ చూడలేదు. ఎనిమిది మంది బలమైన మనుషులు ప్రాణం పెట్టి కొడుతుంటే, నేను గురిచూసి మంటకు గాలి ఊదుతున్నాను. అది చాలా సంతోషించి ఇంకో రెండు వాసాలు పట్టుకుంది. హవా చూడు, హవా చూడు అని వందసార్లు అప్పజెప్పిన నోరు నాది.

గేటు మీదికెక్కి ఉస్తాదు గొంతు చించుకున్నాడు. "అరె పాగల్! హవా కొడుతున్నవ్! గిరావో! గిరావో!"

పైపు పడేశాను. మా బావ గేటు ఎప్పుడు దూకాడో, ఒక మూల గుంజ సగం ఎక్కి ఉన్నాడు. నడుము సంచిలోంచి ఇంకో కత్తి తీసి నా కాళ్ల దగ్గర పడేశాడు. "నువ్వు ఆ మూలకు ఎక్కు! కట్లు కొయ్యి!"

ఆ మూల గాలి దిగువన, గుడిసెల వైపున ఉంది. గుంజ పదడుగులు. ఆ రోజు నాకు అది తాటిచెట్టు కన్నా పొడుగే. కళ్లు మూసుకున్నాను, మూసుకోకున్నా పొగలో ఏమీ కనబడదు. మొహం మీద వేడి, కింద ఎవరివో కేకలు, చేతికి తాడు తగిలితే కోశాను. ఇంకోటి తగిలితే కోశాను. కనుబొమ్మలు కాలిన వాసన వచ్చినప్పుడు అవి నావేనని తెలియదు. కిందనున్నవాళ్లు పందిరిని వాకిలి లోపలి వైపు గుంజారు. పెద్ద చప్పుడుతో పందిరంతా కూలి పంపు మీద పడింది. గుడిసెల ఆడవాళ్లు కడవలతో, తడిపిన గోనెపట్టాలతో గోడ దూకి వచ్చారు. గోడ ఎక్కరావాలని కాగితంలో రాసింది వాళ్లకే అనిపించింది. కొట్టారు, తొక్కారు. పాన్ నమిలి ఉమ్మేంతసేపట్లో మంట పోయింది. ముసలమ్మ గుడిసె చూరు కొస ఒకటి నల్లబడింది. అంతే, ఇంకేమీ కాలేదు.

గుంజ మీద నుంచి దిగి చూస్తే వరుస ఇంకా నిలబడే ఉంది. మొదట్లో ఏడుగురు నిలబడ్డారట. ఒకని చొక్కా మీద నిప్పురవ్వ పడితే కదిలాడు. మిగిలింది ఆరుగురు. అందులో పంతులు కొడుకు ఒకడు. రెండు చేతులూ పక్కలకు ఆనించుకొని, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, అట్లనే నిలబడి ఉన్నాడు.

సాయంత్రం పెద్ద దొర వచ్చాడు. పంపు ఎరుపు పొక్కులు పొక్కులుగా లేచింది, పైపు సగం బొగ్గు. ఆయన గుడిసెల వైపు చూడలేదు. ఎవరైనా కాలారా అని అడగలేదు. వెండిచెంబు చేతిలో పట్టుకొని అడిగాడు.

"రిబ్బన్ ఏదీ? కిస్నే కాటా?"

 మా బావ నా వీపు మీద గోకాడు, ఊకో అని. నేను ముందుకొచ్చాను. "నేనే కోసిన హుజూర్. పంటితోటి."

ఆయన గుమాస్తాతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. తెల్లారి గోడకు కాగితం అంటించారు. ఆజ్ఞ పాటించినవారిగా ఆరుగురి పేర్లు. వరుసలో ఎట్లా నిలబడ్డారో అదే వరుసలో రాశారు, గుమాస్తా శ్రమ పడలేదు. మంటప్పుడు కదలకుండా నిలబడటం ఎవరికి బాగా వచ్చునో వెతికి వెతికి మంటలార్పే కొలువు ఇచ్చారు. కూల్చినవాళ్లం, తొక్కినవాళ్లం, కోసినవాళ్లం ఎవరమూ లేము. ఆ కాగితం ముందు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ పుస్తకం అచ్చు కాదు.

ఇంటికి పోదామని బావా నేనూ మూట కట్టుకుంటుంటే ముసలమ్మ వచ్చింది. వెనక వాడలోని ఆడవాళ్లంతా. నల్లబడిన చూరు కమ్మ ఒకటి ఆమె చేతిలో ఉంది. నేరుగా కచేరీ వరండా ఎక్కి ఆఫీసరు బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటి?" అన్నాడాయన.

"నా చూరు. ఇంత కాలింది. గీ పిలగాడు లేకపోతే అంత కాలుతుండె. నిలబడ్డోళ్ల పేర్లు గోడకేసినవట గద సారూ. రేపు మా వాడకు మళ్ల మంటొస్తే, నిలబడేటందుకు మేమే సాలుతం గద, సర్కారోళ్లెందుకు?"

"ఉద్యోగాలు ఆరే ఉన్నాయమ్మా. అయిపోయాయి."

"అయితే మేం గీడనే కూసుంటం. వంటలు గూడ గీడనే. జర పొయ్యి పెట్టుకునే జాగ సూపియ్యి, పందిరి గిట్ల ఉంటే మంచిదే."

పొయ్యి మాట వినగానే ఆఫీసరు మొహం మారింది. సేటు ఆయన చెవిలో ఏదో అన్నాడు. కాలిన పంపును గీకి రంగు వేయడానికి ఒక మనిషి కావాలి కదా అని తేల్చారు. నన్ను తాత్కాలికంగా, రోజు కూలి మీద తీసుకున్నారు. వరుసలో నాకు చోటు లేదు, టోపీ లేదు, బూట్లు లేవు. పంపు గీకుడు నా పని.

ఆ మాట అమ్మకు చెప్తే, "తాత్కాలికమంటే ఎన్నొద్దులు?" అంది.  అది పదకొండేళ్లని అప్పుడు నాకూ తెలియదు.

పిల్లలూ, ఇంటర్వ్యూకు ఏం చదవాలని అడుగుతారు కదా. ఆ ఆరుగురూ చెడ్డవాళ్లు కారు, ఒక్కరూ పిరికివాళ్లు కారు. తర్వాత వాళ్లతో ఇరవై ఏళ్లు పనిచేశాను, నా ప్రాణం వాళ్ల చేతుల్లో పెట్టాను. వాళ్లకు నిలబడమని నేర్పినవాళ్ల మీదే నా కోపం. జవాబు తెలిసినవాణ్ణి గేటు బయట నిలబెట్టి, ప్రశ్న తెలియనివాణ్ణి బల్ల వెనక కూర్చోబెట్టినవాళ్ల మీద.

నేను చేరిన తొమ్మిదో నాడు పొద్దున్నే కోదాడ రోడ్డు మీద గడ్డివాము అంటుకుంది. వాము పక్కనే ఎడ్లకొట్టం, దాని పక్కన ఇండ్లు. మనిషి ఉరికొచ్చి చెప్పాడు. ఆరుగురు బూట్లేసుకొని వరుసలో నిలబడ్డారు. ఆఫీసరు మేళ్లచెరువు వైపు క్యాంపు పోయాడు. కాగితం రాయడానికి గుమాస్తా కలం వెతుకుతున్నాడు. నేను గీకుతున్న బ్రష్షు పడేసి, తొట్టిలో నీళ్లున్నాయా అని చెయ్యి పెట్టి చూసి, బండి నొగలు పట్టుకొని గుంజాను. ఒక్కణ్ణే గుంజితే కదిలింది మూరెడు. మళ్లీ గుంజాను. ఇంకో మూరెడు.

వెనక బూట్ల చప్పుడైంది. పంతులు కొడుకు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆజ్ఞ ఎవరిచ్చారని రేపడిగితే ఏం చెప్పాలిరా?"

"నా పేరు చెప్పు."

"నిన్ను తీసేస్తారు!"

"ఎట్ల తీసేస్తర్రా? తియ్యాల్నంటే ముందు నన్ను పర్మినెంటు చెయ్యాలె గద!"

 టోపీ తీసి పంపు పీట మీద పడేసి, రెండో నొగ భుజానికెత్తుకున్నాడు. తిరిగి చూస్తే వరుసలో ఎవరూ లేరు, అందరూ బండి వెనక తోస్తున్నారు.